చెవి అంచున ఒక్క చుక్క

కుక్కను బల్ల మీద నిలబెట్టారు. డాక్టరమ్మ దాన్ని ముట్టుకోలేదు. రెండు చేతులూ కోటు జేబుల్లో పెట్టుకుని, అర నిమిషం పాటు చూస్తూ నిలబడ్డారు. తెచ్చిన పెద్దాయనకు ఆత్రం ఆగలేదు. "రెండు రోజుల్నుంచి మెతుకు ముట్టలేదు బిడ్డా, సూదేదన్నా వెయ్యి" అన్నాడు.

"వేద్దాం తాతా. ముందు అది నన్ను చూసుకోనీ" అన్నారామె.

ఆ అర నిమిషంలో ఏం చూశారో తర్వాత అడిగి తెలుసుకున్నాను. పక్కటెముకలు ఎంత వేగంగా ఎగసిపడుతున్నాయి, ఊపిరి రొమ్ముతో తీస్తోందా పొట్టతో తీస్తోందా, నాలుగు కాళ్ల మీదా బరువు సమంగా ఉందా, నడుము గూనిలా ఎత్తి పెట్టిందా, కళ్లలో పుసి ఉందా, తలుపు చప్పుడైతే చెవి అటు తిరిగిందా. కడుపునొప్పి ఉన్న కుక్క నడుము ఎత్తి నిలబడుతుందట. చెయ్యి పడ్డాక ఇవేవీ ఉన్నవి ఉన్నట్టు కనిపించవు. భయానికి ఊపిరి మారిపోతుంది, గుండె పరుగెత్తుతుంది, కుంటుతూ వచ్చిన కుక్క కూడా నాలుగు కాళ్లూ ఆనించి బిగుసుకుపోతుంది. అందుకే ముందు చూపు, ఆ తర్వాతే చెయ్యి.

తల పగిలిన కుక్క ఒకటి న్యాయం అడగడానికి రాముడి కొలువుకు వచ్చిందని ఉత్తరకాండలో కథ ఉంది. ఆ కుక్కకు మాట వచ్చు. తనను కొట్టిందెవరో అదే చెప్పుకుంది. భద్రాద్రి రాముడి చుట్టుపక్కల ఊళ్లలో ఇవాళ్టి కుక్కలకు ఆ వరం లేదు. నొప్పి ఎక్కడో, ఎప్పటి నుంచో, ఏం తిన్నదో, ఏది కరిచిందో ఇంకొకరు చదివి చెప్పాలి. ఈ అడవి అంచున ఒక చిన్న పశువైద్యశాల బెంచీ మీద చాలా రోజులు కూర్చుని ఆ చదువును చూశాను. రెండు గదులు, ఒక రేకు బల్ల, ఒక మైక్రోస్కోపు, మందుల ఫ్రిజ్జు. ఒక కాంపౌండరు, ఇద్దరు డాక్టర్లు. ముప్పై ఏళ్లు సర్కారు కొలువులో ఎడ్లకూ బర్రెలకూ వైద్యం చేసి దిగిపోయిన పెద్ద డాక్టరు గారు ఒకరు. చదువు ముగించి వచ్చిన డాక్టరమ్మ ఇంకొకరు. వాళ్ల చేతుల పని గురించే ఈ నాలుగు మాటలు.

ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం వెళ్లే దారి వంద కిలోమీటర్లు దాటుతుంది. ఆ దారి పొడవునా కుక్క బతుకు మారుతూ పోతుంది. ఖమ్మం అపార్ట్‌మెంట్లలో లాబ్రడార్లు, షిట్జూలు. కొత్తగూడెం సింగరేణి క్వార్టర్లలో పొమేరియన్లు, వాటికీ ఊరకుక్కలకూ పుట్టిన పిల్లలు. పాల్వంచ దాటి కిన్నెరసాని అడవి మొదలయ్యాక కోయగూడేల్లో సన్నని నడుము, నిక్కిన చెవుల నాటు కుక్కలు. అవి మిరప తోటలో పందుల మీదికి పోతాయి, వేసవి తెల్లవారుజామున ఇప్పపూలు ఏరబోయే ఆడవాళ్ల ముందు నడుస్తాయి, తునికాకు కోతకు వెంట వెళ్తాయి. ఇవన్నీ ఒక్క రేకు బల్ల మీదికి వచ్చేవే. షాంపూ వాసనతో వచ్చిన కుక్క దిగుతుంది, పొదల ముళ్లతో వచ్చిన కుక్క ఎక్కుతుంది. ఆ చేతుల్లో మాత్రం తేడా కనిపించదు. పట్నంలోనైతే ఎక్స్‌రే, స్కానింగు, రక్తపరీక్ష మిషన్లు ఉంటాయి. ఈ చివరన కళ్లు, వేళ్లు, ముక్కు, స్టెతస్కోపు, ఒక గాజు పలక. ఉన్నవి తక్కువ కాబట్టి ఒక్కోదాన్నీ పూర్తిగా వాడుకుంటారు.

వేళ్ల సంగతి చెప్పాలి. పరీక్ష ఎప్పుడూ ఒకే వరసలో సాగుతుంది. ముందు పెదవి పైకెత్తి చిగురు చూస్తారు. బొటనవేలితో చిగురు మీద నొక్కి వదిలితే తెల్లబడిన చోట మళ్లీ ఎరుపు ఎక్కాలి. రెండు సెకన్ల లోపు ఎక్కితే రక్తం బాగానే తిరుగుతున్నట్టు. ఆలస్యమైతే ఒంట్లో నీరు తగ్గిందనో, గుండె అలిసిందనో అనుమానం. తర్వాత మెడ మీద చర్మాన్ని చిటికెతో ఎత్తి వదులుతారు. వెంటనే సర్దుకుపోవాలి. గుడారంలా నిలబడిపోయిందంటే నీరు ఎంత తక్కువైందో ఆ నిలబడిన సేపే చెబుతుంది. తర్వాత దవడ కింద, భుజం ముందు, మోకాలి వెనక ఉండే గడ్డలు. తర్వాత తోక ఎత్తి థర్మామీటరు. 101 నుంచి 102.5 డిగ్రీల వరకు కుక్కకు మామూలు వేడి. మనకైతే అది మంచం ఎక్కించే జ్వరం. చెయ్యి పెట్టి చూసి "ఒళ్లు కాలుతోంది సారూ" అని పరుగెత్తుకొచ్చే వాళ్లకు ఈ మాట నెమ్మదిగా చెప్పి పంపుతారు.

పొట్ట దగ్గర ఇంకా నిదానం. వేళ్ల కొసలతో పొడిస్తే కుక్క పొట్ట బిగబడుతుంది, ఇక ఏమీ తెలియదు. వేళ్లను చదునుగా ఆనించి, కుక్క ఊపిరి వదిలినప్పుడల్లా కొంచెం కొంచెం లోపలికి జరుపుతారు. ప్లీహం ఉబ్బి ఉంటే పొట్ట ఎడమ పక్కన నాలుకలా వేళ్లకు తగులుతుంది. ఇంతసేపూ రెండో చెయ్యి కుక్క ఒంటి మీదే ఉంటుంది, ఒక్క క్షణం కూడా తియ్యరు. ఎందుకని అడిగితే, "చెయ్యి తీసి మళ్లీ పెట్టినప్పుడల్లా దానికి కొత్త మనిషి ముట్టుకున్నట్టే ఉంటుంది" అన్నారు పెద్ద డాక్టరు గారు. ముప్పై ఏళ్లు ఎడ్ల దగ్గర నేర్చుకున్నదట ఇది. ఎద్దు వెనక నుంచి నడిచేవాడు దాని నడుము మీద చెయ్యి ఆనించే నడవాలి. ఆ చెయ్యి ఇక్కడ మూడు కిలోల పిల్ల మీద కూడా అలాగే ఆనుతోంది.

ఆ రోజు తాత తెచ్చిన కుక్కకు చిగుళ్లు పాలిపోయి ఉన్నాయి, ప్లీహం ఉబ్బి ఉంది. చెవుల లోపల, కాలివేళ్ల సందుల్లో శనగగింజల్లా గోమార్లు. డాక్టరమ్మ చెవి అంచు మీద వెంట్రుకలు కొంచెం గొరిగి, స్పిరిటు రాసి, అది ఆరేదాకా ఆగారు. ఆరకముందే పొడిస్తే రక్తంలో స్పిరిటు కలిసి కణాలు చెడిపోతాయి. సూదిమొన అలా తగిలీ తగలకుండా ఒక్క పోటు. కుక్క తల కూడా విదల్చలేదు. మొదటి చుక్క తుడిచేసి, రెండో చుక్కను గాజు పలక చివర అందుకున్నారు.

నేను కళ్లార్పకుండా చూసిన పని దాని తర్వాతిది. రెండో పలకను ఏటవాలుగా పట్టుకుని, చుక్కను తాకేదాకా వెనక్కి తెచ్చారు. చుక్క ఆ అంచు వెంట అటూ ఇటూ పాకింది. అది పలక వెడల్పంతా పరుచుకునే లోపే ముందుకు ఒక్క తోపు. ఆగకూడదు, నొక్కకూడదు, మధ్యలో చెయ్యి వణకకూడదు. ఆగిన చోట గీత పడుతుంది, నొక్కితే కణాలు నలుగుతాయి, నెమ్మదిస్తే మందంగా వస్తుంది. సరిగ్గా కుదిరితే రక్తం బొటనవేలి గోరు ఆకారంలో, చివరికి పోయేకొద్దీ పలచబడి, ఈక అంచులా ఆగిపోతుంది. కణాలు ఒకదాని మీద ఒకటి పడకుండా పక్కపక్కన పరుచుకునేది ఆ ఈక అంచు దగ్గరే. వెతకాల్సింది కూడా అక్కడే. మొత్తం తోపు ఒక సెకను కూడా పట్టదు. చదువుకునే రోజుల్లో ఇది కుదరడానికి వందల పలకలు పాడుచేశానని ఆమె చెప్పారు. ఇప్పుడు ఆ తోపు దోసె రేకు మీద గరిటె తిప్పినంత సులువుగా సాగుతోంది.

ఈ గాజు పలక మన ప్రాంతానికి కొత్తది కాదు. చర్ల, దుమ్ముగూడెం గూడేల్లో జ్వరం అనగానే ఆరోగ్య కార్యకర్త వేలికొస పొడిచి పలక మీద రక్తం తీసుకోవడం మూడు తరాలుగా జనం చూస్తున్నదే. మలేరియా మన అడవికి ఎప్పటి చుట్టమో. అదే పలక, అదే గీమ్సా రంగు, అదే మైక్రోస్కోపు. కుక్క ఎర్ర రక్తకణంలో బబీసియా అనే జీవి దాక్కుంటుంది. అది మలేరియా పురుగుకు దూరపు బంధువు. దోమకు బదులు గోమారి దాన్ని మోసుకొస్తుంది. రోనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా జాడ కనిపెట్టింది 1897 ఆగస్టు 20న. మన పాఠ్యపుస్తకాల్లో అది గర్వంగా ఉంటుంది, ఉండాల్సిందే. దానికి నాలుగేళ్ల ముందే, 1893లో, అమెరికాలో పశువులకు వచ్చే టెక్సస్ జ్వరాన్ని మోసేది గోమారేనని థియోబాల్డ్ స్మిత్, ఫ్రెడ్ కిల్బోర్న్ అనే ఇద్దరు తేల్చారు. ఆ కిల్బోర్న్ పశువైద్యుడు. కుట్టే పురుగు జబ్బును మోస్తుందన్న సంగతి ఆవుల కొట్టం నుంచి మనుషుల ఆసుపత్రికి వచ్చింది. పశువుల డాక్టర్ని ఒక మెట్టు కింద నిలబెట్టి మాట్లాడే వాళ్లు తారసపడినప్పుడల్లా నాకు ఆ 1893 గుర్తొస్తుంది.

రంగు ఎక్కాక ఆమె పలక మీద నూనె చుక్క వేసి మైక్రోస్కోపులో చూడటం మొదలుపెట్టారు. పొలం దున్నినట్టు ఒక చాలు అటు, ఒక చాలు ఇటు. ఇరవై నిమిషాలు. నన్ను కూడా చూడమన్నారు. గులాబీ రంగు చుక్కల మధ్య నాకేమీ తెలియలేదు. "ఒక్కో చోట గింజల్లాంటి చిన్న ముక్కలు పదో పదిహేనో కనిపించాలి. ఇక్కడ ఒకటీ రెండే ఉన్నాయి" అన్నారామె. అవి రక్తం గడ్డకట్టించే పలుకులు. గోమార్ల నుంచే వచ్చే ఎర్లికియా జ్వరంలో ఇవి పడిపోతాయి. ముదిరితే ముక్కు వెంట రక్తం కారుతుంది. ఆ సూక్ష్మజీవి ఏ తెల్లకణంలోనో గుత్తిగా కనిపిస్తే అనుమానమే ఉండదు, కానీ అలా కనబడటం అరుదు. కనిపించలేదు కాబట్టి లేదనుకోవడం తప్పు. పాలిపోయిన చిగురు, ఉబ్బిన ప్లీహం, తగ్గిన పలుకులు, ఒంటి మీద గోమార్లు, ఈ నాలుగూ కలిపి చదివి ఆమె మందు రాశారు. నాలుగు వారాలు మానకుండా వెయ్యాల్సిన డాక్సీసైక్లిన్.

గోమార్ల మాట వచ్చింది కాబట్టి నా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కిందట మా కుక్కకు గోమార్లు పడితే, పత్తికి కొట్టగా మిగిలిన మందును నీళ్లలో కలిపి దాని ఒంటికి రాశాను. మా వైపు చాలామంది చేసేదే. గంట తిరక్కుండా అది చొంగ కార్చడం మొదలుపెట్టింది. కాళ్లు వణికాయి, కంటిపాపలు ఆవగింజంత అయిపోయాయి. బండి మీద పడుకోబెట్టుకుని తీసుకెళ్లాను. పెద్ద డాక్టరు గారు అట్రోపిన్ సూదిమందు తీశారు. లెక్క కట్టిన మోతాదులో నాలుగో వంతు నరంలోకి, మిగతాది చర్మం కిందికి. ఆ తర్వాత ఆయన చేసిందంతా కాపలాయే. నోటి లోపల వేలు పెట్టి చూడటం, గుండె వినడం, మళ్లీ వేలు పెట్టడం. చొంగ ఆరాలి, రొమ్ములో గురక తగ్గాలి. అక్కడ ఆగాలి. తక్కువైతే ఊపిరితిత్తులు తమ నీటిలోనే మునుగుతాయి, ఎక్కువైతే గుండె అదుపు తప్పుతుంది. గడియారం చూసి ఇచ్చే మందు కాదది, నోటి తడి చూసి ఇచ్చేది. మధ్యలో కాంపౌండరుతో కుక్క ఒళ్లంతా సబ్బుతో కడిగించారు, చర్మం మీది విషం లోపలికి దిగుతూనే ఉంటుంది కనుక. నన్ను ఒక్క మాట అనలేదు. సాయంత్రానికి మా కుక్క తలెత్తింది. నా చేత్తో నేనే విషం పూశానన్న బాధ మాత్రం నాకు ఇప్పటికీ తగ్గలేదు. ఇది చదివేవాళ్లలో ఒక్కరైనా చేను మందు డబ్బాను కుక్క దగ్గరికి తీసుకుపోకుండా ఆగితే చాలని ఇక్కడ రాస్తున్నాను. అట్రోపిన్ వంటి పదార్థాలు మన దిబ్బల మీద మొలిచే ఉమ్మెత్తలోనూ ఉంటాయి. మనిషికి పిచ్చెక్కించే ఆ విషాన్ని కొలిచి వాడితే ఇంకో విషానికి విరుగుడు. కొలత తెలిసిన చెయ్యి కావాలి.

ఇక కుక్కపిల్లల సంగతి. నెత్తుటి విరేచనాలు, ఆగని వాంతులు, గుంటలు పడిన కళ్లు. ఇది పార్వో. 1978లో తొలిసారి గుర్తించిన ఈ వైరస్ కొద్ది కాలంలోనే లోకమంతా పాకింది. ఇంటి నేల మీద, చాప మీద నెలల తరబడి బతికి ఉంటుంది. దీన్ని చంపే మందు చేతిలో లేదు. పిల్ల ఒళ్లు తనే దాన్ని ఓడించేదాకా, ఆ ఒంట్లో నీరు పోకుండా చూడటమే వైద్యం. అంటే సెలైన్. సెలైన్ అంటే నరం దొరకాలి. నీరంతా పోయిన పిల్ల ముంగాలి నరం తడిసిన దారప్పోగులా చదునై ఉంటుంది.

అక్కడ కాంపౌండరు పనితనం చూడాలి. ఇరవై ఏళ్లుగా పట్టుకుంటున్న చేతులవి. పిల్ల తలను తన మోచేతి వంపులో ఇరికించి, బొటనవేలితో ముంగాలి వంపు దగ్గర నొక్కి, ఆ వేలిని అలాగే కొంచెం బయటికి తిప్పుతాడు. ఆ తిప్పుతో పక్కకు జారే నరం కాలి నడిమికి వచ్చి నిలుస్తుంది. డాక్టరమ్మ పసుపు మూత కాన్యులా తీసుకుంటారు, చాలా సన్ననిది. నరం కంటికి కనిపించదు. వేలి మెత్తతో వెతికి, దొరికిన చోట వేలిని కదపకుండా పక్క నుంచి మొనను దాదాపు చర్మానికి సమాంతరంగా దించుతారు. గొట్టం మొదట్లో ఎర్రని చుక్క మెరుస్తుంది. అప్పుడూ తొందర లేదు. ఇంకో గింజంత ముందుకు జరిపి, లోపలి సూదిని వెనక్కి లాగుతూ మెత్తని గొట్టాన్ని లోపలికి తోస్తారు. ప్లాస్టరు అంటించాక కాలు చల్లబడుతోందేమోనని పాదం పట్టుకుని చూస్తారు.

ఆ తర్వాత లెక్క. మూడు కిలోల పిల్ల, ఒంటి బరువులో వందకు ఎనిమిది పాళ్లు నీరు పోయింది అనుకుంటే 240 మిల్లీలీటర్ల లోటు. రోజువారీ అవసరం కిలోకు 60 చొప్పున 180. మొత్తం 420. ఇరవై నాలుగు గంటలకు పంచితే గంటకు పదిహేడున్నర. మిల్లీలీటరుకు అరవై చుక్కలు పడే సన్న సెట్టు పెడితే నిమిషానికి పదిహేడో పద్దెనిమిదో చుక్కలు. వాంతుల్లో, విరేచనాల్లో పోతున్నది దీనికి అదనం. ఇదంతా ఆమె కాగితం లేకుండా చెబుతూ, చక్రం తిప్పుతూ, చుక్కలు లెక్కపెడుతూ సరిచేశారు. ఆ లెక్క పూర్తి కాకపోయినా, రాత్రి ఆసుపత్రి మూసే వేళకు సెలైన్ విప్పి, కాన్యులా నోటికి మూత పెట్టి, కాలికి గుడ్డ చుట్టి పంపుతారు. పొద్దున్నే మళ్లీ రావాలి. నాలుగో రోజు నాటికి పిల్ల చెంచాతో పోసిన గంజి నాకిందంటే ఆ గదిలో అందరి ముఖాలూ మారిపోతాయి. నాకని పిల్లలూ ఉంటాయి. వాటి దగ్గర డాక్టరమ్మ ఎక్కువసేపు నిలబడతారు.

ముట్టుకోవడం ఎంత పనితనమో, ముట్టుకోకపోవడం కూడా అంతే పనితనమని ఒక మధ్యాహ్నం తెలిసింది. ఒకతను కుక్కను తాడుతో నడిపించుకొచ్చాడు. కింది దవడ వేలాడుతోంది, చొంగ తీగలా కారుతోంది. "ఎముక ఇరుక్కుంది మేడం, నోట్లో చెయ్యి పెట్టి చూశాను, దొరకలేదు" అన్నాడు. డాక్టరమ్మ ఒక అడుగు వెనక్కి వేశారు. కాంపౌండరు చెయ్యి అప్పటికే ముందుకు పోయింది, చూపుతోనే ఆపారు. పిచ్చికుక్క అంటే ఎగబడి కరిచేదే అనుకుంటాం. రేబీస్‌లో ఇంకో రూపం ఉంది. కుక్క కరవదు, అరవదు. దవడ కండరాలు చచ్చుబడి నోరు తెరుచుకుని ఉంటుంది, మింగలేదు. చూసేవాళ్లకు జాలేసి ఎముక తీద్దామని చెయ్యి పెడతారు. ఆ చొంగలోనే మరణం ఉంటుంది. లక్షణాలు కనబడ్డాక కుక్కనైనా, మనిషినైనా కాపాడే మందు దాదాపు లేనట్టే.

ఆమె గొంతు పెంచలేదు. కుక్కను వెనక గదిలో కట్టించి తలుపు వేయించారు. అతన్ని కొళాయి దగ్గరికి తీసుకెళ్లి సబ్బు ఇచ్చి, పదిహేను నిమిషాలు చేతులు కడిగించారు. గడియారం తనే చూస్తూ పక్కన నిలబడ్డారు. వేలి మీద గీరుకున్న గీత ఒకటుంది. చీటీ మీద పెద్దాసుపత్రికి నాలుగు ముక్కలు రాసి, ఇంట్లో ఇంకెవరెవరు ఆ కుక్కను ముట్టుకున్నారో ఒక్కొక్కరి పేరూ చెప్పించారు. పిల్లల పేర్లు రెండు వచ్చాయి. అందరినీ ఈ సాయంత్రమే తీసుకుపోవాలని, ఇచ్చిన తేదీల్లో ఒక్క సూది కూడా తప్పకూడదని చెప్పి, అది అతని నోట మళ్లీ చెప్పించుకున్నారు.

1885 జులై 6న లూయీ పాశ్చర్ జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ల బాలుడికి రేబీస్ టీకా మొదలుపెట్టాడు. ఆ రోజును ఇప్పుడు పశువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల దినంగా జరుపుతున్నారు. ఆ రోజు పశువుల దవాఖానల్లో ఉచితంగా కుక్కలకు టీకాలు వేస్తారు. ఒక ఊళ్లో కుక్కల్లో వందకు డెబ్భైకి టీకా పడితే ఆ ఊళ్లో రేబీస్ నిలవదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఆ పూట పెద్ద డాక్టరు గారు చేసే పని చూడాలి. కోయగూడెం కుక్క కొత్తవాణ్ని దగ్గరికి రానివ్వదు. ఆయన దాని ఎదురుగా కూర్చోరు, పక్కకు తిరిగి గొంతుకూర్చుంటారు. యజమాని చేత చెవుల వెనక గోకిస్తూ, మాటలు సాగిస్తూ, భుజం వెనక చర్మాన్ని ఎత్తి సూది దించుతారు. కుక్క వెనక్కి తిరిగి చూసేసరికి పని అయిపోయి ఉంటుంది.

పాము కాటు కేసులు తొలకరితో మొదలవుతాయి. కుక్క వాసన చూస్తూ పోతుంది కాబట్టి కాటు మూతి మీదో ముంగాలి మీదో పడుతుంది. రక్తపింజర అయితే ముఖం గుమ్మడికాయలా వాస్తుంది. ఏ పామో చూసినవాళ్లు ఉండరు. అప్పుడు మళ్లీ గాజే. శుభ్రమైన, పొడి గాజుగొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం పోసి, కదపకుండా ఇరవై నిమిషాలు ఉంచి, ఒక్కసారి వంచుతారు. గడ్డకడితే ఒక దారి. నీళ్లలా జారితే పింజర విషం రక్తంలో పని చేస్తోందని అర్థం. విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర నాలుగింటికీ ఒకటే. దాని తయారీకి ఎక్కువగా విషం తీసి ఇచ్చేది చెన్నై దగ్గర 1978లో మొదలైన ఇరుల గిరిజనుల సహకార సంఘం. ఆ విషాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకు ఎక్కించి, వాటి రక్తం నుంచి మందు తీస్తారు. ఒక అడవి బిడ్డల చేతి పని, గుర్రం ఒంటి కష్టం, ఇంకో అడవి అంచున కుక్క నరంలోకి చేరుతోంది. దీని మోతాదు ఒంటి బరువును బట్టి ఉండదు, పాము దించిన విషాన్ని బట్టి ఉంటుంది. ఆరు కిలోల కుక్కకూ మనిషికి పట్టినన్ని సీసాలు పట్టవచ్చు. సీసా ఖరీదు చెప్పినప్పుడు తెచ్చినవాళ్ల ముఖం చూడలేక డాక్టరమ్మ తల దించుకోవడం నేను చూశాను.

ఆపరేషన్ గురించి కొంచెమే చెబుతాను. ఆడకుక్కకు పిల్లలు పుట్టకుండా చేసేది, పైకి చిన్న పనిలా కనబడుతుంది. బొడ్డు కింద రెండంగుళాల కోత. అండాశయం మూత్రపిండం పక్కన బిగువైన తాడుతో కట్టేసినట్టు లోతుగా ఉంటుంది. దాన్ని బయటికి తేవాలంటే ఆ తాడును చూపుడు వేలితో, కంటికి కనబడకుండానే సాగదీయాలి. సరిగ్గా సాగితే తీగ వదులైనట్టు వేలికి తెలుస్తుందట. ఒక వెంట్రుకవాసి ఎక్కువ లాగితే పక్కనున్న ధమని తెగుతుంది. అక్కడ పెద్ద డాక్టరు గారి ముఖంలో ఏమీ ఉండదు, కళ్లు గోడ మీద ఉంటాయి, చూపంతా వేలి కొసన ఉంటుంది. ముడి వేసి కోశాక ఆ మొదలును ఒక్కసారిగా వదిలెయ్యరు. పట్టకారుతో పట్టుకుని నెమ్మదిగా కడుపులోకి దించి, రక్తం ఊరడం లేదని చూసుకుని అప్పుడు వదులుతారు. మత్తులో ఉన్న కుక్క కళ్లు మూసుకోదు. ఆ కళ్లు ఎండిపోకుండా మొదట్లోనే రెండు చుక్కల మందు వేసి ఉంచుతారు. ఎవరూ గమనించని ఆ రెండు చుక్కలు నాకు బాగా గుర్తుండిపోయాయి.

ఊరకుక్కలకు జత కట్టినప్పుడు అంటుకునే కంతి జబ్బు ఒకటి ఉంది. వారానికొక సూది చొప్పున నాలుగైదు వారాల్లో చాలా కుక్కలకు పూర్తిగా కరిగిపోతుంది. ఆ మందు విన్‌క్రిస్టిన్, మన ఇళ్ల ముందు పూసే బిళ్లగన్నేరు నుంచి తీసింది. నరం దాటి ఒక్క చుక్క బయట పడినా చర్మం కుళ్లుతుంది. అందుకే అది వేసే ముందు సెలైన్ పంపి నరం నిలిచిందో లేదో చూసుకోనిదే ముట్టరు.

ఇంకో సంగతి కూడా ఈ ఇద్దరి మనసులో ఉంటుంది. ఊరకుక్క ఒంట్లో ఉండే డిస్టెంపర్ వైరస్ అడవిలోకి నడిచి వెళ్లగలదు. 2018లో గిర్ అడవిలో సింహాలు వరసగా చనిపోయినప్పుడు వాటిలో ఈ వైరస్ బయటపడింది. కిన్నెరసాని అడవిలోకి పశువుల వెంట పోయే కుక్కకు టీకా వేస్తే, అది ఆ కుక్కతో ఆగదు. అక్కడి నక్కకూ, చిరుతకూ కూడా అది కంచె.

మొదట చెప్పిన తాత కుక్క సంగతి మిగిలింది. నాలుగు వారాల మందు ఎలా వెయ్యాలో చెప్పాలి. ఆయన ఇంట్లో గడియారం లేదు, చదువు రాదు. డాక్టరమ్మ మాత్రల పొట్లం మీద పెన్నుతో గుట్ట గీసి, దాని మీద సగం పొద్దు గీశారు. పక్కన ఇంకో గుట్ట, పొద్దు దాని వెనక్కి దిగుతున్నట్టు. ఒక్కో బొమ్మ కింద ఒక్కో గీత. "పొద్దు పొడిచినప్పుడు ఒకటి, కుంకినప్పుడు ఒకటి. కూడు పెట్టాకే వెయ్యాలి తాతా, మాత్ర వెనకే గుక్కెడు నీళ్లు తాగించాలి. నాలుగు సంతలు దాటేదాకా ఆపొద్దు. వచ్చే సంతకు తీసుకురా, చెవి మళ్లీ చూస్తాను" అన్నారు.

తాత పొట్లం పక్కనున్న మనవడికిచ్చి, ఆ బొమ్మల మీద వేలు పెట్టి కోయ మాటల్లో అంతా మళ్లీ చెప్పాడు. పిల్లవాడు గీతలు లెక్కపెట్టి తలూపాడు. కుక్క బల్ల దిగి, గుమ్మం దగ్గర ఆగి, డాక్టరమ్మ జేబు కేసి ఒకసారి మూతి చాచి వాసన చూసింది.

ఆమె అప్పటికే పలకను కడిగి, అంచు పట్టుకుని వెలుగుకు ఎత్తి చూస్తున్నారు, ఎక్కడైనా మరక మిగిలిందేమోనని.